45 వేల సామాను కొనే ముందు: ఇంట్లో నెట్‌వర్క్ ల్యాబ్ గురించి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. చిత్తూరులో ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే ఒక ఆపరేటర్ దగ్గర మూడేళ్లుగా ఫీల్డులో తిరుగుతున్నారు. సిస్కో కంపెనీ పెట్టే సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష రాసి నెట్‌వర్క్ ఇంజనీరు కావాలని ఉంది. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీటులో ఒకాయన మూడు పాత రూటర్లు (నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపే పెట్టెలు), రెండు స్విచ్చులు (ఒకే చోట ఉన్న కంప్యూటర్లను కలిపే పెట్టెలు), ఒక ర్యాక్ సర్వరు కలిపి 45 వేలకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

వద్దు. అడ్వాన్సు ఇవ్వకపోయి ఉంటే ఇక ఇవ్వకండి. ఎందుకో చెప్పడానికి కొంచెం పొడుగ్గా రాయాల్సి వస్తుంది. ఓపిక చేసుకోండి.

నేను తిరుపతి కొర్లగుంటలో పెరిగినవాణ్ణి. ఈ పనిలో పంతొమ్మిదేళ్లయింది. కొన్నేళ్లు చెన్నై, ఎక్కువ కాలం బెంగళూరు, ఇప్పుడు మా ఇంటి మేడ మీది గది నుంచే. నేనూ మీలాగే సామానుతోనే మొదలుపెట్టాను. 2011లో అదే రిచీ స్ట్రీటులో ఒక ర్యాక్ సర్వరు కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కాళ్ల మధ్య పెట్టుకుని తిరుపతి తెచ్చాను. రైల్లో అందరూ అదేమిటని అడుగుతుంటే గర్వంగానే ఉంది. రాత్రి పదకొండింటికి మేడ మీద దాన్ని ఆన్ చేయగానే కింద నుంచి అమ్మ, ఈ వేళప్పుడు మిక్సీ వేశావెందుకురా అని కేకేసింది. ఆ ఫ్యాన్ల మోత అలాంటిది. మోత సంగతి సరే, లెక్క చూడండి. 300 వాట్లు తాగే యంత్రం రోజంతా నడిస్తే 7.2 యూనిట్లు, నెలకు 216 యూనిట్లు. ఇంటి బిల్లు స్లాబు మారిపోతుంది. మే నెలలో తిరుపతి మేడ గది ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. దానికి తోడు ఇదొక హీటరు. ఏడాది తిరగకముందే పాత ఇనుము ధరకు వదిలించుకున్నాను. ఆ ఏడాదిలో దాని మీద నేను నేర్చుకున్నది నాలుగు పేజీలు కూడా ఉండదు. ఎక్కువ కాలం దాన్ని నడిపించడానికే సరిపోయింది.

మీకు ఇప్పుడు కావలసింది ఒక మామూలు ల్యాప్‌టాప్, 8 జీబీ మెమరీ ఉన్నా చాలు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. సీసీఎన్ఏకు అది సరిపోతుంది. అది నిజమైన రూటర్ కాదు, రూటర్‌లా నటించే బొమ్మ. కొన్ని కమాండ్లు ఉండవు, కొన్ని చోట్ల అసలు పరికరం చేసినట్టు చేయదు. ఈ దశలో ఆ తేడా మిమ్మల్ని ఆపదు. దాన్ని దాటాక, ఆఫీసులు వదిలేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి చూసి మెమరీ 16 లేదా 32 జీబీకి పెంచుకోండి. 45 వాట్లలో నడుస్తుంది, నెలకు 32 యూనిట్ల చిల్లర. దాని మీద లైనక్స్ వేసి ఎఫ్ఆర్ఆర్ అనే ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లలో, అంటే ఒకే యంత్రం లోపల విడివిడి గదుల్లో, నడిపితే పది, ఇరవై రూటర్లు ఒకేసారి లేస్తాయి. కంటైనర్‌ల్యాబ్ అనే సాధనం ఉంది. ఏ రూటర్ దేనికి తగిలి ఉందో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిస్తే మొత్తం నెట్‌వర్క్‌ను అదే కడుతుంది. ఇలా నెట్‌వర్క్ కట్టుకునే సాధనాలే జీఎన్ఎస్3, ఈవ్-ఎన్జీ కూడా మంచివే. వాటిలో వేసుకోవడానికి ఎవరో టెలిగ్రామ్‌లో పంచే దొంగ ఇమేజ్‌ల (రూటర్ సాఫ్ట్‌వేర్ కాపీల) జోలికి మాత్రం పోకండి. సిస్కో వాళ్లే తమ మోడలింగ్ ల్యాబ్స్‌లో ఐదు పరికరాల వరకు ఉచితంగా నడుపుకోనిస్తున్నారు.

సామాను సంగతి ఇంతటితో వదిలేద్దాం. నేను నిజంగా చెప్పదలచుకున్నది ఒక నోట్‌బుక్ గురించి.

మామూలు రూళ్ల నోట్‌బుక్ కొనండి. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఏ ప్రయోగం చేసినా, ఎంటర్ నొక్కే ముందు ఎడమ పక్క రాయండి: 'ఇప్పుడు ఏమవుతుందని నేననుకుంటున్నాను.' ఏ పోర్టు మూసుకుంటుంది, ఏ రూటు (ప్యాకెట్లు వెళ్లే దారి) మారుతుంది, ఎన్ని సెకన్లు పడుతుంది, పింగ్‌లు (అవతలి యంత్రం పలుకుతుందా అని పంపే చిన్న ప్యాకెట్లు) ఎన్ని పోతాయి. తర్వాత ఎంటర్ నొక్కి, కుడి పక్క నిజంగా ఏమైందో రాయండి. రెండూ ఒకటే అయితే పేజీ తిప్పేయండి, అది మీకు వచ్చినట్టే. రెండూ వేరైతే ఆ రోజు మీ పాఠం అక్కడే ఉంది, కారణం దొరికేదాకా కదలొద్దు. వీడియో చూస్తూ అందులో ఉన్న కమాండ్లే కొడితే అన్నీ పనిచేస్తాయి. అందుకే ఏమీ రాదు. నా నోట్‌బుక్కులు ఇప్పటికి పదకొండయ్యాయి, మొత్తం తెలుగులోనే. నా ఇంగ్లీషు అంతంతమాత్రం అని మీరు రాశారు చూడండి, అందుకు చెబుతున్నాను. ఆలోచన తెలుగులో తేటగా ఉంటే ఇంటర్వ్యూలో చెప్పాల్సిన పది వాక్యాల ఇంగ్లీషు వెనకాలే వస్తుంది.

ఎడమ పక్క రాయకుండా చేసిన పనికి నేను ఎలాంటి మూల్యం చెల్లించానో చెబుతాను. 2014 జూన్, చిత్తూరు దగ్గర ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి సీజన్ జోరుగా ఉంది, గేటు బయట ట్రాక్టర్ల వరుస. అక్కడ కంప్యూటర్లు చూసుకునే స్నేహితుడు, కాటా గదిలో పోర్టులు చాలట్లేదు, స్విచ్చు ఏమైనా ఉందా అన్నాడు. ఇంట్లో ల్యాబ్ కోసం కొన్న పాత స్విచ్చు పట్టుకెళ్లి ఆఫీసు స్విచ్చుకు తగిలించాను. ముందు ఫ్యాక్టరీ మొత్తం దాదాపు నిమిషం పాటు ఆగింది. తర్వాత లేచింది కానీ నత్తనడక. గోడౌన్‌లో స్టాకు ఎక్కించేవాళ్ల తెరలు కదలడం లేదు, కాటా దగ్గర తూకం చీటీ బయటికి రావడానికి మూడు, నాలుగు నిమిషాలు. ట్రాక్టర్ల మీద ఎండలో కాయ, కింద రైతుల కేకలు.

ఏం జరిగిందో కాగితం మీద గీస్తేనే అర్థమవుతుంది, మీరూ గీయండి. సర్వర్ గదిలో ఒక స్విచ్చు, గోడౌన్‌లో ఒక స్విచ్చు, రెంటి మధ్య గిగాబిట్ (1000 మెగాబిట్ల) ఫైబర్. ఆఫీసు స్విచ్చు నుంచి ఆ రెంటికీ 100 మెగాబిట్ల తీగ ఒక్కొక్కటి. ఇది త్రిభుజం కాబట్టి ఫ్రేములు (స్విచ్చులు మోసే డేటా మూటలు) గిరగిరా తిరగకుండా స్పానింగ్ ట్రీ అనే స్విచ్చుల ఏర్పాటు ఒక చోట దారి మూయాలి. ఎక్కడ మూయాలో తేల్చేది రూట్ స్విచ్చు, అంటే మిగతా స్విచ్చులన్నీ తమ దారి కొలుచుకునే మూల స్విచ్చు. ప్రయారిటీ అనే సంఖ్య ఎవరికి చిన్నదైతే వాళ్లు రూట్; ఎవరూ దాన్ని మార్చకపోతే అన్ని స్విచ్చులకూ 32768 ఉంటుంది. అప్పుడు ఎవరి మ్యాక్ అడ్రసు (తయారీలోనే పరికరానికి వేసే నంబరు) చిన్నదైతే వాళ్లే రూట్. పాత స్విచ్చుల మ్యాక్ అడ్రసులు తరచుగా చిన్నవే. అంటే ఆ చెట్టుకింద అందరికన్నా ముసలిదే పెద్దమనిషి! నా పాత స్విచ్చు వచ్చీరాగానే రూట్ అయి కూర్చుంది.

ఇప్పుడు లెక్క వేయండి. రూట్‌కు చేరే దారుల్లో ఖర్చు తక్కువున్నదాన్నే ప్రతి స్విచ్చూ ఎంచుకుంటుంది; పాత పద్ధతిలో 100 మెగాబిట్ల తీగకు ఖర్చు 19, గిగాబిట్ తీగకు 4. కొత్త రూట్ ఆఫీసు స్విచ్చు వెనకాల ఉంది. సర్వర్ గది నుంచి ఆఫీసుకు నేరుగా వస్తే 19. గోడౌన్ నుంచి నేరుగా వస్తే 19, గిగాబిట్ మీదుగా సర్వర్ గదికి పోయి వస్తే 4, 19 కలిపి 23. కాబట్టి ఇద్దరూ నేరు దారే ఎంచుకున్నారు. మిగిలిపోయిన గిగాబిట్ ఫైబర్ మూసుకుపోయింది. గోడౌన్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే ట్రాఫిక్ అంతా 100 మెగాబిట్ల ఆఫీసు స్విచ్చు గుండా పోసినట్టయింది. ఒక్క తీగ తెగలేదు, ఒక్క పరికరం చెడలేదు, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. నాకు గంటన్నర పట్టింది. చివరికి భయంతో నా స్విచ్చు పీకేస్తే బాగైంది, తెలివితో కాదు. తెలివి ఆ రాత్రి ఇంట్లో కాగితం మీద గీసుకున్నాక వచ్చింది.

దీన్ని మీరు ఈ రాత్రే ప్యాకెట్ ట్రేసర్‌లో చేయవచ్చు. మూడు 2960 స్విచ్చులు పెట్టండి, రెంటి మధ్య గిగాబిట్ పోర్టులు కలపండి, మూడోదాన్ని ఆ రెంటికీ మామూలు పోర్టులతో కలపండి. మొదటిదాన్ని రూట్ చేసి ఏ పోర్టు నారింజ రంగులో ఉందో, అంటే మూసుకుందో, చూడండి. ఇప్పుడు మూడోదానికి తగిలించడానికి నాలుగో స్విచ్చు తెచ్చి దాని ప్రయారిటీ 4096కు దించండి. మొదటిదానికి మీరు ఇచ్చింది కూడా అంతకంటే పెద్ద సంఖ్యే అయి ఉండాలి సుమా. తగిలించే ముందు ఎడమ పక్క రాయండి: ఏ తీగ మూసుకుంటుంది, ఆ తీగకు ఏ చివర? రెండో సగం చాలామంది తప్పు చెబుతారు. తర్వాత రూట్ గార్డ్, బీపీడీయూ గార్డ్ అనే కాపలా కమాండ్లు పెట్టి మళ్లీ తగిలించండి. అవి ఎందుకు పుట్టాయో పుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

ల్యాబ్‌కు వాడుకునేవాళ్లు ఉండాలన్నది నా రెండో మాట. ఒంటరిగా ఉన్న ల్యాబ్ చెడితే మీకు తప్ప ఎవరికీ తెలియదు, రేపు చూద్దాంలే అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ల వైఫై అందులోంచి వెళితే రేపు అనేది ఉండదు. అయితే దానికీ ఒక హద్దుంది, నేను దాటిన హద్దు.

మూడేళ్ల కిందట బయట ఒక వర్చువల్ సర్వరు అద్దెకు తీసుకుని ఇంటికీ దానికీ మధ్య వైర్‌గార్డ్ టనెల్ (ట్రాఫిక్‌ను గుప్తంగా మోసే దారి) వేశాను. మా ఇంటి కనెక్షన్‌కు వచ్చే ఐపీ అడ్రసు 100.64తో మొదలవుతుంది. అంటే ఆపరేటర్ దగ్గర వందల ఇళ్లు ఒకే పబ్లిక్ అడ్రసును పంచుకుంటున్నాయి, బయటి నుంచి నా ఇంటికి తలుపు లేదు. కొత్త తరం అడ్రసు ఐపీవీ6 మాత్రం నేరుగా వస్తుంది కాబట్టి టనెల్‌ను దాని మీద వేశాను. ఇంటి ట్రాఫిక్ మొత్తం అందులోకి మళ్లించి, పింగ్ కొట్టి, బ్రహ్మాండం అనుకుని పడుకున్నాను. మర్నాడు 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు. పలమనేరు నుంచి అక్క ఆ పని మీదే వచ్చి ఫోను పట్టుకుని కూర్చుంది. పేజీ పేరు కనిపిస్తుంది, పేజీ తెరుచుకోదు. వాట్సాప్‌లో మాటలు వస్తున్నాయి, ఫొటోలు రావు. టికెట్లు అయిపోయాయి. కొండ కింద ఇల్లు పెట్టుకుని మాకు దర్శనం లేకుండా చేశావు కదరా అన్న మాట ఇప్పటికీ ప్రతి పండక్కీ వింటున్నాను.

లెక్క చాలా చిన్నది. ఈథర్‌నెట్ ఒక ప్యాకెట్‌లో 1500 బైట్లు మోస్తుంది. మా కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో తగిలే పద్ధతి), దాని తొడుగు 8 బైట్లు, మిగిలేది 1492. ఐపీవీ6 మీద వైర్‌గార్డ్ తొడుగు 80 బైట్లు. వైర్‌గార్డ్ మామూలుగా పెట్టుకునే పరిమాణం 1420, అంటే 1500లోంచి 80 తీసేసింది. దానికి నా 8 బైట్ల సంగతి తెలియదు. నిండు ప్యాకెట్ 1420, తొడుగుతో 1500, దారి వెడల్పు 1492. చిన్న ప్యాకెట్లు దూరాయి, పెద్దవి ఇరుక్కున్నాయి. అలా ఇరుక్కున్నప్పుడు దారిలోని రూటర్, ఇది పెద్దదైంది, తగ్గించి పంపు అని ఐసీఎంపీ కబురు పంపుతుంది. భద్రత అనుకుని ఆ ఐసీఎంపీని రెండు వైపులా ఫైర్‌వాల్‌లో మూసేసిన మహానుభావుణ్ణి నేనే. 1420 తీసి 1412 పెట్టాను, ఐసీఎంపీ తెరిచాను, అంతే.

ఈ కథ మీ రోజువారీ పనికి చాలా దగ్గర. 'పింగ్ వస్తోంది, స్పీడ్ బాగానే ఉంది, ఫలానా సైటు మాత్రం తెరుచుకోదు' అనే కస్టమర్ మీకు వారానికి ఒకరైనా తగులుతారు. ఈసారి ల్యాప్‌టాప్ తీసి, ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దనే ఆప్షన్‌తో పింగ్ కొట్టండి. పీపీపీఓఈ లైను అయితే 1472 బైట్లు పోకూడదు, 1464 పోవాలి. హెడర్లకు (ప్యాకెట్ ముందుండే చిరునామా భాగాలకు) 28 కలిపితే 1464 కాస్తా 1492 అవుతుంది. ఎంతదాకా పోతుందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. వీలైతే ఆ సైటు తెరుస్తూ, ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్‌లో, టీసీపీ చేయి కలిపేటప్పుడు అవతలి నుంచి వచ్చే జవాబు ప్యాకెట్‌లో ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా) విలువ చూడండి. 1452 ఉంటే మీ రూటర్ ఆ సర్దుబాటు ముందే చేస్తోందన్నమాట. మీ ఆపరేటర్ దగ్గర ఇలా చూడగలిగిన మొదటి మనిషి మీరే అయితే, ఆ సంగతి యజమాని చెవిన పడటానికి ఎంతోకాలం పట్టదు.

అన్నట్టు, 'నేను కేబుల్ లాగేవాణ్ణే కదా' అని మీరు రాసిన ముక్క నాకు నచ్చలేదు. ఓఎన్‌టీ (కస్టమర్ ఇంట్లో ఫైబర్ తగిలే పెట్టె) దగ్గర వెలుతురు కొలిచే పవర్ మీటరు పెట్టి మైనస్ 19 కనిపిస్తే సంతోషించడం, మైనస్ 28 కనిపిస్తే స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పరికరం) వైపు నడవడం మీకు అలవాటు. 3 డీబీ తగ్గితే వెలుతురు సగమైందని మీ చేతికి తెలుసు. జీపాన్‌లో (మీరు ఇళ్లకిచ్చే ఫైబర్ పద్ధతి) దిగువకు 1490 నానోమీటర్లు, ఎగువకు 1310 అని మీకు తెలుసు. ఒక ఇంట్లో చెడిన ఓఎన్‌టీ ఆపకుండా వెలుతురు చిమ్మితే అదే స్ప్లిటర్ మీది ఇళ్లన్నీ ఎందుకు పడిపోతాయో మీరు కళ్లారా చూసి ఉంటారు. బెంగళూరులో పెద్ద జీతాలు తీసుకునే ఎంతోమంది ఇంజనీర్లు ఫైబర్‌ను బొమ్మల్లో తప్ప చూడలేదు. ఇంటర్వ్యూలో మొదట ఇదే చెప్పండి.

సీసీఎన్ఏ గురించి ఎక్కువ చెప్పను. 2020 ఫిబ్రవరి నుంచి అంతా ఒకే పరీక్ష, 200-301, రెండు గంటలు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. రాయండి. వడపోతలో మీ దరఖాస్తు పక్కకు పోకుండా కాపాడుతుంది. డంపులు (బయటికి పొక్కిన ప్రశ్నలు) బట్టీ పట్టి పాసైనవాళ్లను ఇంటర్వ్యూ చేసే మేము మొదటి ఐదు నిమిషాల్లో పట్టుకుంటాం, పట్టుకున్నామని వాళ్లకు చెప్పం. ఆసియా-పసిఫిక్‌లో ఐపీ అడ్రసులు పంచే సంస్థ ఏపీనిక్ నడిపే అకాడమీలో ఉచిత పాఠాలు, వాళ్ల సర్వర్ల మీదే నడిచే ల్యాబ్‌లు ఉన్నాయి. ఐపీవీ6, బీజీపీకి (సంస్థలు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే పద్ధతి) అంత బాగా చెప్పేవాళ్లు డబ్బు తీసుకునేవాళ్లలోనూ తక్కువే. పనిని యంత్రానికే అప్పగించే పైథాన్, యాన్సిబుల్ అవసరమే గానీ తొందర లేదు. ఫైళ్లలో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టి ప్రతి కాన్ఫిగరేషన్‌నూ అందులో దాచుకోండి.

పరీక్ష అయ్యాక ఒక ప్రాజెక్టు చేయమంటాను. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్ రెండు గంటల పాటు ప్రపంచంలో చాలా చోట్ల కనిపించకుండా పోయింది. పాకిస్తాన్‌లో ఆ సైటును ఆపాలనుకున్నారు. పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 అనే రూటును తన లోపలికి మాత్రమే పెట్టుకోవాల్సింది, అది బయటికి పొక్కింది. యూట్యూబ్ అప్పుడు ప్రకటిస్తున్నది అంతకంటే వెడల్పైన 208.65.152.0/22 (గీత తర్వాతి అంకె పెద్దదయ్యే కొద్దీ రూటు ఇరుకు). రూటర్లు ఎప్పుడూ ఇరుకైన రూటుకే ఓటేస్తాయి కాబట్టి ట్రాఫిక్ అటు పరుగెత్తింది. యూట్యూబ్ మొదట తనూ /24 ప్రకటించింది, తర్వాత రెండు /25లు. దీన్ని నాలుగు ఎఫ్ఆర్ఆర్ రూటర్లతో ఇంట్లోనే కట్టవచ్చు: బాధితుడు, తప్పు చేసినవాడు, మధ్య ఆపరేటర్, చూసేవాడు. ఏఎస్ నంబర్లకు (బీజీపీలో ఒక్కో సంస్థకు ఉండే నంబర్లు) 64512 నుంచి మొదలుపెట్టండి, అవి సొంత వాడకానికి వదిలినవి.

మొదలుపెట్టగానే మీరు ఒక చోట ఆగిపోతారు. పొరుగు రూటర్‌తో సెషన్ లేస్తుంది గానీ ఒక్క రూటూ రాదు. ఎన్ని రూట్లు వచ్చాయో చూపించాల్సిన గడిలో అంకె బదులు పాలసీ అన్న మాట కనిపిస్తుంది. అది లోపం కాదు. పక్క సంస్థ నుంచి ఏం తీసుకోవాలో, ఏం ఇవ్వాలో మీరు రాసివ్వకపోతే ఏదీ తీసుకోకు, ఏదీ ఇవ్వకు అని ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8212 చెబుతుంది, ఎఫ్ఆర్ఆర్ దాన్ని పాటిస్తోంది. ఒక్క కమాండుతో ఆ నిబంధన తీసేయవచ్చని వెతికితే దొరుకుతుంది. తీసేయకండి. పాలసీ రాయండి. మధ్య ఆపరేటర్ దగ్గర సరైన ఫిల్టరు రాశాక మళ్లీ అదే తప్పు చేసి చూడండి, ఈసారి అది గడప దాటకుండా ఆగిపోతుంది. 2008లో ఆ రోజు మధ్యలో లేనిది ఆ నాలుగు లైన్లే.

నిరుడు మేము తీసుకున్న ఒక అమ్మాయిది పుత్తూరు. ల్యాబ్ అంటే ఒక ల్యాప్‌టాప్, ఒక పాత వైఫై రూటర్ మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, అంతే. ఈ మధ్య మీ చేతుల్లో చెడింది ఒకటి చెప్పండి అని అడిగాను. ఓఎస్‌పీఎఫ్‌లో (ఒకే సంస్థ లోపల రూటర్లు రూట్లు చెప్పుకునే పద్ధతి) రెండు రూటర్లు ఎక్స్‌స్టార్ట్ అనే తొలి దశ దగ్గరే ఆగిపోయాయని, హలో ప్యాకెట్లు చక్కగా వస్తున్నాయి కాబట్టి తీగ మీద అనుమానం రాలేదని, రెండు రోజులు ఏరియా నంబర్లు, టైమర్లు చూస్తూ కూర్చున్నానని, చివరికి ఒక వైపు ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500, ఇంకో వైపు 1400 ఉందని చెప్పింది. ఆ రెండు రోజులూ తను ఏమనుకుందో, ఎందుకు తప్పిందో వరుసగా చెప్పింది. అప్పుడే మా మేనేజరు పెన్ను కింద పెట్టాడు.

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తే, చేతికి అసలు స్విచ్చు తగలాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కన్సోల్ కేబుల్ పెట్టి నల్ల తెర మీద అక్షరాలు రావడం చూస్తే వచ్చే ఆనందం వేరు, కాదనను. దానికి 45 వేలు అక్కర్లేదు. నా గదిలో రెండు పాత 2960లు ఖాళీగా పడి ఉన్నాయి. తిరుపతి వచ్చినప్పుడు ఒకటి పట్టుకెళ్లండి, డబ్బులేమీ వద్దు. మీకిచ్చేది ఆ మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి నేను పట్టుకెళ్లిన స్విచ్చే. ప్రయారిటీ 61440కి పెంచాకే ఎక్కడైనా తగిలించండి.